నలుగురి బెంచీ

ఎవరైనా ఇంటికొచ్చి పిల్లని దగ్గరికి పిలిచి "పెద్దయ్యాక ఏమవుతావమ్మా" అని అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. అడిగేవాడికి జవాబు అక్కర్లేదు. పిల్ల డాక్టరనో కలెక్టరనో అంటే నవ్వి, టీ తాగి వెళ్ళిపోతాడు. ఆ మాట పిల్ల నోట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చింది, బడిలో ఎవరి పక్కన కూర్చుంటే వచ్చింది, ఆ పక్కవాళ్ళు లేచిపోతే అది ఉంటుందా పోతుందా, ఇవేవీ అడగడు. పేపర్లలో పెద్ద చదువుల వాళ్ళు రాసేవీ అంతే. తల్లిదండ్రులు ఇలా చెయ్యాలి, టీచర్లు అలా చెయ్యాలి అంటారు. పక్కన కూర్చునే పిల్లల సంగతి ఒక్కడూ రాయడు. దీని మీద నేను ఒకటి రెండు సార్లు పత్రికలకి ఉత్తరాలు రాశాను. వేసుకోలేదు. ఐదో తరగతితో ఆపేసినవాడు రాసింది ఎవరికి కావాలి? ఆ ఐదు తర్వాతదంతా నేను చిలకలూరిపేట లైబ్రరీ బల్లల మీదా, పకోడీలు కట్టిచ్చిన కాగితాల మీదా చదువుకున్నదే.

మాది దూదేకే ఇల్లు. సాయిబులమే అయినా తరతరాలుగా ఇంట్లో తెలుగే. మా నాన్న విల్లుతో ఏకాడు, నేను కొన్నాళ్ళు విల్లుతో, తర్వాత మిషను మీద ఏకాను. పరుపులు కుట్టాను. ఇప్పుడు ఫోము పరుపులొచ్చి మా పరుపుల్ని ఎవరూ అడగడం లేదు. హైవే పక్కన ఉన్న దారం మిల్లులో వేస్టు దూది తెచ్చుకుని దిండ్లు మాత్రం కుడుతున్నాను. నా భార్య పోయాక కూతురి దగ్గర ఉంటున్నాను. కూతురికి ఒక్కతే పిల్ల. నేను చెప్పబోయేది ఆ మనవరాలి గురించీ, దాని బెంచీ గురించీ.

దానికంటే ముందు ఒక పద్ధతి చెప్పాలి. మా వైపు పొలంలో ఎవరూ ఒంటరిగా పని చెయ్యరు. అంతా ముఠా. మిరపకోతకి ఆడవాళ్ళు ముఠాగా దిగుతారు, తలా ఒక సాలు పట్టుకుంటారు. చెయ్యి చురుకైన మనిషి ముందు గట్టెక్కుతుంది. గట్టెక్కి కూర్చోదు. వెనకబడ్డ మనిషి సాలులోకి ఎదురొచ్చి, తను ఇటునుంచి కోస్తూ ఆమెని కలుపుకుంటుంది. అందరూ ఒకేసారి గట్టెక్కాలి. ఒక్కతే ముందుకుపోయి ఇంకో సాలు పట్టిందంటే మర్నాడు ఆమెని ఎవరూ పిలవరు. పత్తి తీతలోనూ అంతే, మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్ళలోనూ అంతే. నేను బడి మానింది కూడా ఇలాగే. ఐదో తరగతి చదువుతుండగా ఒక చలికాలం పొగాకు ఆరబెట్టే బ్యారనుకి పిల్లలు కావాలని మేస్త్రి వచ్చాడు. ఒకడు పచ్చాకు అందిస్తే ఒకడు కర్రకి కట్టాలి, ఒంటరివాణ్ణి తీసుకోడు. నా పక్కన కూర్చునేవాళ్ళంతా లేచారు, నేనూ లేచాను. మా అమ్మా నాన్నా ఎవరూ నన్ను వెళ్ళమనలేదు. సాయంత్రం ఇంటికొచ్చి ఒంటినిండా పొగాకు జిగురుతో నిలబడితే అప్పుడు తెలిసింది వాళ్ళకి.

మనవరాలు నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మిల్లు క్వార్టర్స్ నుంచి ఒక పిల్ల దాని బడిలో చేరింది. ఒడిశా వాళ్ళు. తండ్రి మిల్లులో దారం తిరిగే మిషను దగ్గర పని. మా వాళ్ళకి విజయనగరం దాటి అవతల నుంచి వచ్చినవాడు ఎవడైనా హిందీవాడే. మగపిల్లలు ఆ పిల్లని "ఏయ్ హిందీ" అని పిలిచేవాళ్ళు. నా మనవరాలు బడిలో నోరు మూయని రకం. టీచరు విసిగిపోయి, తెలుగు రాని పిల్ల పక్కన కూర్చోబెడితే ఇక ఎవరితో మాట్లాడుతుందిలే అని దాన్ని తీసుకెళ్ళి ఆ పిల్ల పక్కన పడేసింది. ఆ ఏడాది తిరక్కుండా ఆ పిల్లకి తెలుగు వచ్చేసింది. మా మనవరాలి యాసే, దాని తిట్లే. మగపిల్లాడు "హిందీ" అంటే, "నాది ఒడియా రా, నీకు తెలుగే సరిగ్గా రాదు, ఒడియా ఏం తెలుస్తుంది" అనేదట. దీన్ని నా మనవరాలు ఇంటికొచ్చి, తనే అన్నంత సంబరంగా చెప్పింది.

పిల్ల మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. దూది గుట్ట పక్కన కూర్చుని ఇద్దరూ లెక్కలు చేసుకునేవాళ్ళు. నా మనవరాలిని ఏమవుతావని అంతకుముందు ఎవరైనా అడిగితే బ్యూటీపార్లరు అనేది, పక్కింటి అమ్మాయి పెట్టుకుంది కాబట్టి. ఒకరోజు ఈ పిల్ల తన సంగతి చెప్పింది.

"మా నాన్న మిషను ఆగిపోతే కోయంబత్తూరు నుంచి ఒకాయనొస్తాడు తాతా. ఆయనొస్తే మేనేజరు కూడా లేచి నిలబడతాడు. నేను ఆయన్నవుతా."

అదీ ఆ పిల్ల కోరిక. చూసిన మనిషిని బట్టి పుట్టిన కోరిక. డాక్టరు, కలెక్టరులాగా గాల్లోంచి వచ్చింది కాదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో బ్యూటీపార్లరు మాట మళ్ళీ వినపడలేదు. నా మనవరాలు కుట్టుమిషను విప్పి మళ్ళీ బిగించలేక వాళ్ళమ్మ చేత తిట్లు తింది.

హైస్కూలుకి వెళ్ళాక బెంచీ మీద నలుగురయ్యారు. మూడో పిల్ల మిరప వేసే రైతు కూతురు, మెత్తని పిల్ల, లెక్కలంటే భయం. నాలుగో పిల్ల బస్టాండు దగ్గర టీ కొట్టు ఆయన కూతురు, ఆ కొట్టు గోలంతా దాని గొంతులో ఉండేది. నలుగురికీ అదే పిచ్చి పట్టింది, ఇంజనీరు. నేను ఒకసారి టీ కొట్టు పిల్లని, "ఒసేయ్, ఇంజనీరంటే ఏం చేస్తాడే?" అని అడిగాను.

"ఏం చేస్తాడు, కోయంబత్తూరు నుంచి వస్తాడు" అంది.

నవ్వాను కానీ, నాకు సంతోషం వేసింది. ఊరి పిల్లలు ముగ్గురికి బయటి నుంచి వచ్చిన పిల్ల ఒక కోరిక తగిలించింది. మన ఊళ్ళో పుట్టిన వాళ్ళకి అన్నీ ఇక్కడే ఉన్నాయి, ఇల్లు ఉంది, చేను ఉంది, కొట్టు ఉంది. ఇంకేదో అవ్వాలని వాళ్ళకి తోచదు. బయటి నుంచి వచ్చిన వాడికి ఇక్కడ ఏమీ లేదు, అందుకే ఏదో ఒకటి అవ్వాలి. ఆ పిల్ల వేడి వీళ్ళకి అంటుకుంది. దీన్ని ఎవరూ గమనించలేదు. హిందీవాళ్ళ పిల్లలొచ్చి మన బడి చదువు పాడుచేస్తున్నారని బడి కమిటీ మీటింగులో ఒక పెద్దమనిషి అన్నాడు. నేను లేచి గట్టిగానే అడిగాను, లెక్కల్లో ఫస్టు ఎవరొస్తున్నారో తెలుసా అని. ఆయనకి తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

అయితే ఆ బెంచీ నుంచి ఆ పిల్ల తీసుకున్నది కూడా ఉంది. అది నాకు అప్పుడు కనపడలేదు. భాషతో పాటు ముఠా పద్ధతి కూడా నేర్చుకుంది. మిల్లులో పనివాళ్ళు షిఫ్టులవారీగా ఎవరికి వాళ్ళు వెళ్తారు, వస్తారు. ఒకరి కోసం ఒకరు ఆగడం అక్కడ లేదు. మా ముగ్గురు పిల్లలూ మాత్రం మిరప చేలల్లో, దూది గుట్టల్లో పెరిగినవాళ్ళు. ఒకతికి జ్వరమొస్తే మిగతావాళ్ళు బడి మానేసేవాళ్ళు. పరీక్షలో రైతు కూతురు తప్పిందని తక్కిన ముగ్గురూ ఏడ్చారు, ఫస్టొచ్చిన పిల్ల కూడా ఏడ్చింది. నాలుగేళ్ళు ఆ బెంచీ మీద కూర్చున్నాక ఆ పిల్ల మా వాళ్ళకంటే ఎక్కువ మా మనిషైపోయింది.

పదో తరగతి ఫలితాలొచ్చాయి. ఒడిశా పిల్ల బడికే ఫస్టు, లెక్కల్లో ఒక్క మార్కు పోలేదు. నా మనవరాలూ టీ కొట్టు పిల్లా మధ్యస్తం. రైతు కూతురు లెక్కల్లో ఏదో గట్టెక్కింది. ఆ వేసవిలోనే ఒడిశా పిల్లకి సీటొచ్చింది. పదో తరగతి మార్కుల మీద ఇచ్చే సీటు, సర్కారు వారి కాలేజీ, ఇంజనీరింగు చివరిదాకా చదువూ హాస్టలూ అక్కడే. ఆ బడి పెట్టిన తర్వాత ఆ సీటు తెచ్చుకున్న పిల్ల లేదని లెక్కల మాస్టారు చెప్పాడు. చేరడానికి గడువు కొద్ది రోజులే. కానీ పిల్ల వెళ్ళే ఊసెత్తడం లేదు. అడిగితే ఇంట్లో ఒప్పుకోవడం లేదని చెప్పిందట.

మాస్టారు మంచివాడు. కుర్రాడు, మోటారుసైకిలు మీద ఊరూరూ తిరిగి పిల్లల్ని బడికి తెచ్చే మనిషి. ఆదివారం పొద్దున్నే మా ఇంటికొచ్చి, "సాయిబుగారూ, మీరు కూడా రండి. పెద్దమనిషి ఒకరుంటే ఆయన కాదనలేడు" అన్నాడు. వెళ్ళాం.

మిల్లు క్వార్టర్స్‌లో ఒక గది. తండ్రి రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్నవాడు లేచి, చొక్కా వేసుకుని, మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి తను గుమ్మంలో నిలబడ్డాడు. తల్లి పొయ్యి దగ్గర ఉంది. చిన్న కూతురు మూల కూర్చుని మమ్మల్ని చూస్తోంది. తండ్రికి తెలుగు రాదు. మిల్లులో హిందీతో గడిచిపోతుంది, ఊళ్ళో పనులకి కూతురు ఉంది. రేషన్ షాపు దగ్గరా, ఆసుపత్రిలో డాక్టరు దగ్గరా ఆ ఇంటి నోరు చిన్నప్పట్నుంచీ ఆ పిల్లే. ఇప్పుడూ మాకూ తండ్రికీ మధ్య ఆ పిల్లే నిలబడింది. మాస్టారికి హిందీ రాదు, నాకు రాదు.

మాస్టారు చాలాసేపు చెప్పాడు. ఈ సీటంటే ఏమిటి, అక్కడ ఆడపిల్లలకి వేరే హాస్టలు, వార్డెను ఉంటుంది, పండక్కి బస్సెక్కితే పొద్దుటికల్లా ఇంట్లో ఉంటుంది, అన్నీ చెప్పాడు. పిల్ల తండ్రి వైపు తిరిగి నాలుగు ముక్కలు చెప్పింది. తండ్రి ముఖం విప్పారింది. ఆయన చాలా మాట్లాడాడు. చేతులు తిప్పుతూ, మాస్టారి వైపు చూపిస్తూ, దండం పెడుతూ. పిల్ల మావైపు తిరిగింది.

"దూరం పంపనంటున్నాడు సార్. ఆడపిల్లని కదా అంటున్నాడు."

మాస్టారు మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ నాలుగు ముక్కలు, మళ్ళీ తండ్రి నవ్వు, మళ్ళీ అదే జవాబు. నాకు నవ్వుతూ కాదనేవాళ్ళంటే గిట్టదు. లేచి నిలబడి, "ఏమయ్యా, పదిమందీ దండం పెట్టే చదువు చేతికొస్తే పిల్ల గొంతు కోస్తావా? నువ్వు మనిషివా?" అన్నాను. పిల్ల నావైపు ఒకసారి చూసి, ఆ మాట కూడా తండ్రికి ఏదోలా చెప్పింది. ఆయన నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, పొయ్యి దగ్గరున్న భార్యకి టీ పెట్టమన్నాడు. తాగకుండా వచ్చేశాను.

దారిలో మాస్టారు బండి ఆపి, "ఎంత మొండివాడో చూశారా, నవ్వుతూనే కాదన్నాడు" అన్నాడు. ఆ మాట ఊరంతా పాకింది. టీ కొట్టు దగ్గర, మసీదు మెట్ల మీద, యార్డులో, వాళ్ళంతే, పిల్లల్ని మిల్లులో పనికి పెట్టుకుని తినడానికే వస్తారు అనుకున్నారు. నేనూ ఆ మాటే అన్నాను, అందరికంటే గట్టిగా. పత్రికకి ఒక ఉత్తరం కూడా రాశాను, వలస వచ్చిన తండ్రులు పిల్లల చదువుకి ఎలా అడ్డం పడుతున్నారో. అదీ వేసుకోలేదు.

గడువు దాటిపోయింది. నలుగురూ కలిసి ఊళ్ళో జూనియర్ కాలేజీలో చేరారు. ఏ గ్రూపు అని అడిగాను. సీఈసీ అంది మనవరాలు. లెక్కలు లేని గ్రూపు. ఎందుకే అంటే, రైతు కూతురికి లెక్కలు రావు కదా తాతా అంది. ఆ మాట అంటున్నప్పుడు దాని ముఖంలో గర్వం ఉంది. అందరూ ఒకేసారి గట్టెక్కుతున్నారు. లెక్కల్లో ఒక్క మార్కు పోని పిల్ల కామర్సు పుస్తకాలు కొనుక్కుంది. అంతకుముందు బడి వదిలే రోజు వీడ్కోలు మీటింగులో వీళ్ళ స్నేహం గురించి ఒక టీచరమ్మ మెచ్చుకుంటూ మాట్లాడిందట, ఇలాంటి బెంచీ ఇంకోటి చూడలేదని. చప్పట్లు కొట్టారట.

తర్వాతది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కాలేజీ తెరిచిన నెలలోనే గుంటూరు నుంచి ఒక ప్రైవేటు కాలేజీ ఏజెంటు రైతు ఇంటికి వచ్చి కూర్చున్నాడు. ఆ పిల్ల బాబాయి కొడుకులు అక్కడే చదువుతున్నారు. తండ్రి కూతుర్ని హాస్టల్లో వేశాడు, లెక్కల గ్రూపులోనే. ఏడ్చుకుంటూ వెళ్ళింది. రెండు నెలలకి అక్కడ కొత్త బెంచీ దొరికింది, ఫోన్లు తగ్గాయి. టీ కొట్టు పిల్ల ఒంగోలులో నర్సుగా ఉన్న పిన్ని దగ్గరికి వెళ్ళి నర్సు ట్రైనింగులో కుదురుకుంది. నా మనవరాలు ఆ ఏడాదంతా అయిష్టంగా లాగింది. వాళ్ళమ్మ పట్టుబట్టి పాలిటెక్నిక్ పరీక్ష రాయించింది. సీటొచ్చింది, ఎలక్ట్రికల్. ఒక ఏడాది పోయింది, అంతే. మా వాళ్ళకి ఒక ఏడాది పోతే ఒక ఏడాదే పోతుంది. వెనక ఇల్లుంది, అడిగే మేనమామలున్నారు, ఎవరో ఒకరు పట్టుకుని మళ్ళీ దారిలో పెడతారు.

ఒడిశా పిల్ల రెండో ఏడాది కూడా కొన్నాళ్ళు కాలేజీకి వెళ్ళింది. బెంచీ మీద ఎవరూ లేరు. తర్వాత మానేసింది. క్వార్టర్స్‌లో దాని ఈడు ఆడపిల్లలంతా మిల్లుకి వెళ్తున్నారు. వాళ్ళు పిలిచారు, వెళ్ళింది. నాకు కోపం రావాలి. వస్తుందని ఎదురుచూశాను. దిండ్లకి దూది కూరుతూ కూర్చున్నాను, ఏమీ రాలేదు. భోజనానికి రమ్మని కూతురు పిలిచింది, వెళ్ళి తిన్నాను. నా జీవితంలో ప్రతి దానికీ కోపం తెచ్చుకున్నవాణ్ణి. దానికి మాత్రం రాలేదు.

ఆ తర్వాత ఒకసారి మిల్లులో వేస్టు గోడౌన్ దగ్గర ఆ తండ్రి కనపడ్డాడు. తల తిప్పుకున్నాను. ఆయనే దగ్గరికొచ్చి మూట ఎత్తడానికి సాయం పట్టాడు. ఈ రెండేళ్ళలో ఆయనకి తెలుగు కొంచెం వచ్చింది, విరిగి విరిగి. మీ అమ్మాయి ఎలా ఉంది అని మనవరాలి గురించి అడిగాడు. ఉండబట్టలేక, ఆ రోజు ఒప్పుకునుంటే నీ కూతురు కూడా ఇంజనీరింగులో ఉండేది కదయ్యా అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. రెండుసార్లు చెప్పాను. తల అడ్డంగా ఊపాడు.

"మాస్టర్ చెప్పింది, పిల్ల ఇక్కడే చదవాలి, ఫ్రెండ్స్ ఉంది, ఊరు మంచిది. మేము మాస్టర్ మాట విన్నాం. నేను అడిగింది, దూరం కాలేజీకి అయినా పంపుతాం, లీవు పెడతాం, ఎప్పుడు వెళ్ళాలి. మాస్టర్ వద్దు అంది."

ఆయన మూట తాడు బిగిస్తూ, "మీరు కూడా అదే చెప్పింది కదా. లేచి, గట్టిగా. అమ్మాయి చెప్పింది, తాత ఆశీర్వాదం ఇస్తోంది అని" అన్నాడు. ఆ రోజు తాగకుండా వచ్చిన టీ గురించి నవ్వుతూ గుర్తుచేశాడు. మూట నా భుజానికి ఎత్తాడు.

ఇంటికొచ్చి మనవరాలిని పిలిచాను. సెలవులకి ఇంట్లోనే ఉంది. విన్నది చెప్పాను. అది కొత్తగా వింటున్నట్టు లేదు.

"మీ ముగ్గురికీ తెలుసా?"

"తెలుసు తాతా."

"మీరు చెప్పమన్నారా అలా?"

తలొంచుకుని నేల మీద రాలిన దూది ఏరుతూ కూర్చుంది. "మేం చెప్పమనలేదు. చెప్పొద్దనీ అనలేదు. మార్కుల కాగితాలకి బడికెళ్ళిన శనివారం మా బెంచీ మీద కూర్చుని మాట్లాడుకున్నాం. నువ్వు వెళ్ళిపోతే మాకెలా అని అది ఏడ్చింది, రైతులమ్మాయి. నేనూ ఏడ్చా. అప్పుడు సీటొచ్చిన పిల్లే అంది, మా ఇంట్లో ఒప్పుకోలేదని చెప్తాలే, అప్పుడు నన్నెవరూ ఏమీ అనరు అని. మేం సంతోషపడ్డాం తాతా. దాన్ని ఎత్తుకుని తిప్పాం."

సంతోషపడ్డారు. పదిహేనేళ్ళ పిల్లలు. వాళ్ళని ఏమనాలి? చేలో వాళ్ళ అమ్మలు చేసేదే వాళ్ళు చేశారు. చేలో అయితే సాయంత్రానికి అందరికీ ఒకే కూలి వస్తుంది కాబట్టి ఆ పద్ధతి నడుస్తుంది. ఆ తేడా పిల్లలకి చెప్పాల్సింది ఎవరు? నేను చెప్పానా? కమిటీ మీటింగులో అరిచాను, పత్రికలకి రాశాను, దూది గుట్ట పక్కన రోజూ కూర్చునే వాళ్ళతో ఈ ఒక్క మాట అనాలని నాకూ తోచలేదు. మాస్టారికి తోచలేదు. చప్పట్లు కొట్టిన వాళ్ళెవరికీ తోచలేదు.

కోయంబత్తూరు కోరిక పుట్టింది మిల్లు క్వార్టర్స్‌లో. ఇప్పుడది మా ఇంట్లో ఉంది, ఎలక్ట్రికల్ పుస్తకాల మధ్య. ఇంతకంటే ఎక్కువ రాయడానికి నాకు చేత కావడం లేదు.

ఒకరోజు షిఫ్టు దిగుతున్న ఒడిశా పిల్లని మిల్లు గేటు దగ్గర ఆపాను. కనుబొమల మీద దూది, మెడలో మిల్లు కార్డు. ముందు నా మనవరాలి పరీక్షల గురించి అడిగింది. నేను తండ్రి చెప్పిన సంగతి ఎత్తాను. ముఖం మారలేదు.

"మా నాన్నకి చెప్పొద్దు తాతా. మాస్టారు మాట విన్నానని ఆయన అందరికీ చెప్పుకుంటాడు. చెప్పుకోనీ."

"నీకు అనిపించడం లేదా?"

"ఏమో. మొదట్లో అనిపించేది. ఇప్పుడు డ్యూటీలో ఏమీ అనిపించదు, మిషను చప్పుడు కదా." కార్డు తాడు వేలికి చుట్టుకుంది. "చెల్లి పదికొచ్చింది. అది కూడా బాగా చదువుద్ది. మాస్టారు ఈ ఆదివారం వస్తానన్నారంట. ఈసారి నేను మధ్యలో ఉండను. నాన్నకి తెలుగు వచ్చేసింది. నువ్వు వచ్చి కూర్చో తాతా. ఆయనకి ఏదన్నా అర్థం కాకపోతే మెల్లగా మళ్ళీ చెప్పు."

వెళ్ళాను. అదే గది, అదే మంచం. మాస్టారికి జుట్టు కొంచెం నెరిసింది. పాత సంగతి ఆయనకి నేను చెప్పలేదు, చెప్తే తండ్రిదాకా పోతుంది కాబట్టి. తండ్రి ఈసారి గుమ్మంలో నిలబడకుండా స్టూలు లాక్కుని మా ఎదురుగా కూర్చున్నాడు. పెద్ద పిల్ల షిఫ్టుకి తయారై, పొయ్యి దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. మాస్టారు నెమ్మదిగా, చిన్న చిన్న మాటలతో చెప్పాడు. చెల్లికి కూడా ఆ సీటు వచ్చే మార్కులు వస్తాయి. ఇప్పట్నుంచే ఇంట్లో ఒక మాట అనుకుని ఉంటే, రేపు వచ్చాక గడువు దాటిపోకుండా ఉంటుంది. తండ్రి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ప్రతి మాటా విన్నాడు. ఒకటి రెండు మాటలు నన్ను అడిగాడు, నేను మళ్ళీ చెప్పాను. అప్పుడు అన్నాడు:

"పంపుతాం. ఎంత దూరం అయినా పంపుతాం. మాస్టర్ ఏం చెప్తే అది."

మాస్టారు ఆశ్చర్యపోయాడు. నావైపు చూశాడు, ఈయన మారాడు చూశారా అన్నట్టు. నేను పొయ్యి వైపు చూశాను. పెద్ద పిల్ల గోడకి ఇంకొంచెం ఆనుకుంది.

మాస్టారు సంతోషంతో చిన్న పిల్లని దగ్గరికి పిలిచాడు. బాగా పొడుగైంది, అక్క పోలికే. అక్క కంటే గడగడా తెలుగు మాట్లాడుతుంది, ఇక్కడే పుట్టినట్టు. "మీ నాన్న ఒప్పుకున్నాడమ్మా. నువ్వేమంటావు, వెళ్తావా?" అని అడిగాడు.

పిల్ల జడ ముందుకేసుకుని, చివర రిబ్బను సరిచేసుకుంటూ ఆలోచించింది.

"మా బెంచీలో వాళ్ళని అడిగి చెప్తాను సార్" అంది.

తండ్రి నవ్వాడు, కూతురు తెలివిగా మాట్లాడిందనుకున్నాడేమో. మాస్టారు కూడా నవ్వి, అడుగమ్మా అడుగు అన్నాడు. తల్లి టీ ఇచ్చింది, ఈసారి తాగాను. మిల్లు సైరను మోగింది. పెద్ద పిల్ల గోడ దగ్గర నుంచి కదిలి, టిఫిను బాక్సు తీసుకుని, చెల్లి పక్కనుంచి నడుచుకుంటూ షిఫ్టుకి వెళ్ళిపోయింది.